పప్పుగుత్తి చిగురించిన ఆదివారం

నాకు గుళ్లో నవ్వొస్తుంది. అది జబ్బో, సైతాను పనో తెలీదు కానీ, అందరూ కళ్లు మూసుకుని తలలు వంచుకున్నప్పుడే నాకు ఎక్కడలేని నవ్వూ ముంచుకొస్తుంది. ప్రార్థన చేసే పెద్దమనిషి మధ్యలో తుమ్మితే చాలు, నేను పైట చెంగు నోట్లో కుక్కుకుని బయటికి పరిగెత్తాలి. అలాంటి నన్ను పాస్టరు గారి భార్యని చేసి, గుళ్లో మొదటి చాప మీద కూర్చోబెట్టి తీరతానని మా అత్తగారు ధనమ్మ గారు భీష్మించుకున్నారు.

అప్పటికి మన్యంలో పితూరీ సద్దుమణిగి, పోలీసు పటాలాలు వెళ్లిపోయి, నర్సీపట్నం మళ్లీ మామూలుగా ఊపిరి పీల్చుకుంటోంది. మా మావగారు గిద్యోను గారు మిషను గుడికి పాస్టరు. మా వాళ్లలో పాస్టరుని అయ్యగారు అంటారు. ఊరంతా ఆయన్ని అలాగే పిలిచేది, అత్తగారూ అలాగే పిలిచేవారు. ఆఖరికి కన్నకొడుకు, అంటే మా ఆయన క్రీస్తురాజు కూడా తండ్రిని అయ్యగారూ అనే పిలిచేవారు. పసితనంలో పదిమందీ అంటుంటే విని నేర్చుకున్నారట, ఎవరూ దిద్దలేదు.

ఆ ఏడు అయ్యగారికి చేతుల వణుకు ఎక్కువైంది. ప్రభువు బల్ల దగ్గర గిన్నె ఎత్తితే సగం ద్రాక్షరసం తెల్లగుడ్డ మీదే పడేది. ఇక నా వల్ల కాదని ఆయన మిషనుకి చెప్పేశారు. యలమంచిలి నుంచి కబురొచ్చింది. శ్రావణంలో ఫలానా ఆదివారం మిషను దొరగారూ ఇద్దరు పాస్టర్లూ వస్తారు, ఈలోగా సంఘం ఒక్క మనిషిని ఎన్నుకుని ఉంచాలి, వచ్చి అతనికి అభిషేకం చేస్తారు. ఎన్నుకోలేకపోతే మా గుడిని కోటవురట్ల గుడిలో కలిపేస్తారు.

అభిషేకం అంటే మా దాంట్లో నూనె కాదు, చేతులు. మోషే కన్నుమూసే ముందు యెహోషువ తల మీద చేతులుంచాడు. అపొస్తలులు తాము నియమించిన వాళ్ల మీద చేతులుంచి ప్రార్థించారు. పౌలు తిమోతి మీద ఉంచాడు. అలా తల మీంచి తల మీదికి నడిచి నడిచి, ఓడెక్కి సముద్రం దాటి, ఆ చేతులు ఒక ముసలి దొర చేతులై మా అయ్యగారి తల మీదికి వచ్చాయి. ఆ చేతులు పడని మనిషి ఎంత చదివినా, ఎంత గొంతెత్తి ప్రసంగించినా బాప్తిస్మం ఇవ్వకూడదు, రొట్టె విరవకూడదు. అది మా కట్టుబాటు.

ఆ చేతుల విలువ అందరికంటే ఎక్కువ తెలిసినవారు జాన్ బాబు మాస్టారు. మిషను బళ్లో పంతులు. అయ్యగారికి ఒంట్లో బాగోకపోతే పల్లెలన్నీ ఆయనే తిరిగేవారు, నక్కపల్లి దాకా నడిచి వెళ్లి నడిచి వచ్చేవారు. ఒకసారి కోటవురట్ల అవతల సోమలమ్మ అనే ముసలామె ప్రాణం పోతూ, ఆఖరిసారి ప్రభువు రొట్టె పెట్టమని ఆయన్ని అడిగింది. రొట్టె ఉంది, గిన్నె ఉంది, మాస్టారి తల మీద చేతులు మాత్రం పడలేదు. అయ్యగారి కోసం పరుగెత్తుకొచ్చారు. బండి కట్టుకుని ఇద్దరూ వెళ్లేసరికి ఆమె లేదు. అప్పట్నుంచీ ఆ మనిషి రొట్టె విరిచే వేళ తల ఎత్తరు. ఆకలేసినవాడికి అన్నం ఎలా కావాలో, ఆయనకి అభిషేకం అలా కావాలి.

మా ఆయనకి మాత్రం మోటారు కావాలి.

యాజులు గారు ఊళ్లోకి కొత్తగా బస్సు తెచ్చారు. ఇక్కణ్నుంచి యలమంచిలికి, రైలు దగ్గరికి నడుపుతారు. మా ఆయన విశాఖపట్నంలో ఉండి డ్రైవింగు నేర్చుకుని వచ్చారు. నిద్రలో కూడా బ్రేకు తొక్కేవారు, తెల్లారేసరికి నా కాలు వాచిపోయేది. యాజులు గారు తేల్చి చెప్పేశారు, ఆ ఆదివారం వెళ్లిన సోమవారమే మొదటి ట్రిప్పు, నువ్వు రాకపోతే అనకాపల్లి మనిషిని పెట్టుకుంటానని.

"మీ అమ్మకి కోపమని భయపడకోయ్. మా వంశంలో అందరూ యజ్ఞాలు చేయించారు, నేను ఇంజను కొన్నాను. మా నాన్నగారు నాతో మాట్లాడ్డం మానేశారు. హాయిగా ఉంది!" అని ఆయన మా వీధరుగు మీద కూర్చుని పకపకా నవ్వారు.

అత్తగారు ఆ వేళంతా గిన్నెలు దబదబా పడేశారు. మోటారు పేరెత్తితే ఆవిడకి ఒళ్లు మండేది.

"అహరోను పోయాక యాజకత్వం ఎవరికొచ్చింది? కొడుకు ఎలియాజరుకి. ఎలియాజరు పోయాక? ఆడి కొడుకు ఫీనెహాసుకి. మరి మన అయ్యగారు దిగిపోతే ఎవరికి రావాల? సెప్పవేటే?" అని ఆనపకాయ చెక్కు తీస్తూ నన్ను నిలదీశారు.

"యాజులు గారికేమో అత్తా" అన్నాను.

ఆనపకాయ తొక్కు వచ్చి నా నెత్తిన పడింది. నా మీద ఆనాటికి పడిన అభిషేకం అదొక్కటే.

పెద్దల కూటం మా అరుగు మీదే పెట్టారు. సగం మంది ఎలియాజరు అన్నారు, అంటే కొడుకు. సగం మంది తిమోతి అన్నారు, అంటే మాస్టారు. గొంతులు లేచాయి. చివరికి దేవుళ్లు గారు లేచారు. ఈయన మా సంఘంలో పెద్ద. బాప్తిస్మం అప్పుడు దొరగారు పేరు మార్చుకోమంటే, "మా యమ్మ ఎట్టిన పేరండీ, ఆయనకేటి ఇబ్బంది" అని దేవుళ్లుగానే ఉండిపోయి, దేవుడు ఒక్కడే అని ప్రతి ఆదివారం సాక్ష్యం చెప్పేవారు. ఆయనకి రైలు దగ్గరికి వెళ్లే ఎడ్లబళ్లున్నాయి. బస్సు తిరిగితే బళ్లెవరూ ఎక్కరు. కాబట్టి క్రీస్తురాజు అయ్యగారైపోవాలని ఆయన ప్రార్థించినంత గట్టిగా కన్నతల్లి కూడా ప్రార్థించి ఉండదు.

"మనలో మనకి తగువెందుకు? దేవుణ్నే అడుగుదుం. అరణ్యంలో యాజకుడెవడని తగువొచ్చినప్పుడు ఏటి సేసారు? పెద్దలందరి కర్రలూ గుడారంలో ఎట్టారు. తెల్లారేసరికి అహరోను కర్ర సిగురేసింది, పువ్వెట్టింది, కాయ కాసింది. మనమూ ఇద్దరి కర్రలూ గుళ్లో ఎడదుం. సిగురేసినోడే అయ్యగారు. రెండూ సిగురెయ్యకపోతే తండ్రి తరవాత కొడుకే" అన్నారు దేవుళ్లు గారు.

కర్రలు చిగురించవని ఆయనకి తెలుసు, ఆ చివరి మాట కోసమే మిగతా మాటలన్నీ. అత్తగారి ముఖం వెలిగిపోయింది. మాస్టారు చేతులు జోడించి, "దేవుడి చిత్తమండీ" అన్నారు. అందరూ అయ్యగారి వైపు చూశారు. ఆయన భుజాలు కదిలేలా లోలోపల నవ్వుకుంటున్నారు.

"ఎట్టండి. కానీ ఎండుకర్ర ఎట్టండి. ఈ వానల్లో పచ్చికర్ర సిగురేస్తే అందులో దేవుడి గొప్పేటుంది?"

మర్నాడే కర్రలు గుడికి చేరాయి. మాస్టారు బళ్లో వాడే బెత్తం ఇచ్చారు. మా ఆయన లోకంలోకెల్లా ఎండిపోయిన కర్ర కోసం ఇల్లంతా గాలించి, చివరికి వంటింట్లో నా పప్పుగుత్తి పట్టుకున్నారు. గుత్తి ఊడగొట్టి కాడ తీసుకున్నారు.

"ఏటండీ ఇది, నేను పప్పు దేనితో ఎనపాలి?"

"ఏళ్ల తరబడి కందిపప్పులో ఉడికిన కర్రే ఇది. దేవుడు కూడా దీన్ని సిగురేయించలేడు" అని ముద్దు పెట్టుకున్నారు. నన్ను కాదు, కర్రని.

పేర్లు రాసిన గుడ్డపీలికలు కట్టి, బల్ల కింద రెండు కర్రలూ పెట్టి, పైన తెల్లగుడ్డ కప్పి గుడికి తాళం వేశారు. తాళంచెవి ఎప్పట్లాగే మా ఇంట్లో మేకుకి వేలాడింది. ఆ వారమంతా నేను చెంబు అడుగుతో పప్పు ఎనిపాను.

మా ఆయన సంబరం రెండ్రోజులు కూడా నిలవలేదు. రెండూ చిగురించకపోతే తండ్రి తర్వాత కొడుకేనన్న మాట అప్పటికి బుర్రకెక్కింది. అన్నం సహించలేదు. తర్వాత ఒకరోజు మధ్యాహ్నం ఎక్కడికో వెళ్లి ఈల వేసుకుంటూ వచ్చారు. శనివారం గుడి ఊడ్చడానికి వెళ్లిన అత్తగారేమో పాలిపోయిన ముఖంతో తిరిగొచ్చి, పులుసు మాడ్చి, మళ్లీ గుడికి వెళ్లారు. చీపురు మర్చిపోయారట. ఇంట్లో అందరికీ ఏదో పట్టిందనుకున్నాను తప్ప నాకింకేమీ తట్టలేదు.

ఆదివారం ఒకటే వాన. అయినా గుడి కిక్కిరిసింది. యాజులు గారు కూడా గుమ్మం బయట గొడుగేసుకుని నిలబడ్డారు, తన డ్రైవరు దక్కుతాడో లేదో చూసుకోవాలిగా. దొరగారి వాళ్లు ఇంకా దారిలోనే ఉన్నారు. దేవుళ్లు గారు పాట పాడి, దగ్గి, తెల్లగుడ్డ ఎత్తారు.

రెండు కర్రలూ చిగురించాయి.

లేత ఆకుపచ్చ ఆకులు. ఒక కర్రకి నాలుగు రెమ్మలు, ఒక కర్రకి మూడు. "ఓలమ్మో!" అని ఒక కేక, దాని వెనకే గుడి పైకప్పు లేచిపోయేలా హల్లెలూయలు. దేవుళ్లు గారు రెండు మోకాళ్ల మీదా కూలబడిపోయారు. చిగురించదని నమ్మి పెట్టిన కర్ర చిగురిస్తే మనిషి ఏమైపోతాడు! "ఇద్దరూ కావాలంట! దేవుడికి ఇద్దరూ కావాలంట!" అని అరిచారు.

నాకు మాత్రం ఒక్కటే ఆలోచన. నా పప్పుగుత్తి చిగురించింది. ఇన్నాళ్లూ దేవుడి కర్రతో పప్పు ఎనిపి, కడిగి, చూరులో గుచ్చానా? ఆపుకోలేని నవ్వు కడుపులో మొదలైంది. పైట చెంగు తీశాను.

అప్పుడు మాస్టారు లేచి వచ్చి తన కర్ర ముందు మోకరించారు. చిగురుని ఒక్క వేలితో ముట్టుకున్నారు. ఆయన కళ్లమ్మట నీళ్లు ధారగా కారిపోతున్నాయి. అంత సంతోషం ఒక మనిషి ముఖంలో నేను మళ్లీ చూడలేదు. నా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

ఆయన వేలు చిగురు మీంచి కర్ర మీదికి జారింది. కిందికి వెళ్లింది. ఆగింది. ఆయన కర్రని తిప్పి చూశారు. సంతోషం ఆ ముఖం లోంచి మెల్లగా దిగిపోవడం నేను చూశాను. ఊరుకుంటే ఊరుకోవచ్చు. జనమంతా కేకలేస్తున్నారు, ఆయన తప్ప దగ్గరికొచ్చి చూసినవాళ్లు లేరు. మాస్టారు లేచి నిలబడ్డారు.

"ఇది నా బెత్తం కాదండీ" అన్నారు. "నా బెత్తానికి కణుపులుంటాయి. దీనికి లేవు. ఇది అద్భుతం కాదు. ఎవరో మార్చారు." కర్రకున్న గుడ్డపీలిక విప్పి అయ్యగారి చేతిలో పెట్టారు. "నా పేరు తీసెయ్యండి."

గుడి చల్లారిపోయింది. నాకు ఏడుపొచ్చింది, నిజంగా.

మా ఆయన తట్టుకోలేకపోయారు. మగవాళ్ల మధ్యలోంచి తోసుకుంటూ ముందుకొచ్చారు.

"మాస్టారూ, నేనే మార్సాను! మీది సిగురేస్తే నన్నొగ్గేస్తారని సేసాను. మా పెరట్లో కొట్టేసిన మునగకొమ్మలు వానకి సిగురేసి ఉంటే, ఒకటి తెచ్చి ఎట్టాను. మీ బెత్తం పంచాయితీ పాకలో దాసాను. ఒట్టు, మీరవ్వాలనే సేసాను!"

అని ఊపిరి పీల్చుకుని, రెండో కర్ర వైపు చూసి, అక్కడే కొయ్యబారిపోయారు.

"మరి నాది? నాది నేను మార్సలేదే!" ముఖంలో నెత్తురు లేదు. "అయ్యగారూ, పప్పుగుత్తి... నిజంగానే సిగురేసిందేటండీ?"

దేవుడు తనని పట్టేసుకున్నాడని ఆయన నమ్మేశారు. గుమ్మం బయట యాజులు గారి వైపు, వాన వెనకున్న మోటారు వైపు చూసిన ఆ చూపు చూస్తే రాయి కూడా కరుగుతుంది. నేను లేచి ఆడవాళ్ల చాపలు దాటుకుంటూ వెళ్లాను. కర్ర వాసన చూశాను.

"ఇది నా పప్పుగుత్తి కాదండీ. దానికి పసుపు మరకుంటుంది, ఇంగువ వాసన ఉంటుంది. ఇదీ మునగే."

అందరూ ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకున్నారు. అప్పుడు మొదటి చాప మీంచి అత్తగారు లేచారు. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, నిటారుగా నిలబడ్డారు.

"రిబ్కా సెయ్యలేదా? దీవెన కోసం కొడుకు యాకోబు సేతులకి మేకతోలు కట్టి గుడ్డి మొగుడికాడికి పంపలేదా? నాను ఒక కొమ్మెట్టాను. నిన్న ఊడుస్తుంటే మాస్టారి కర్ర సిగురేసి ఉంది. దేవుడు ఆయన కాడికెల్లిపోతన్నాడు, నా కొడుకు కాడికి రాడనిపించింది. పెరట్లోకెల్లి ఒక మునగకొమ్మ తెచ్చి..."

ఆవిడే ఆగిపోయారు. అయ్యగారు తల్లినీ కొడుకునీ మార్చి మార్చి చూశారు.

"అంటే ధనమ్మా, నువ్వూ ఈడూ ఒక్క సెట్టు కొమ్మలే తెచ్చారేటి? నిన్న పులుసులో మునక్కాయ లేదేటంటే, సెట్టు కొట్టీసామన్నావు. ఇందుకా?"

ఇంక నా వల్ల కాలేదు. పైట చెంగు లేదు, ఏమీ లేదు. గుళ్లో, బల్ల ముందు, కర్ర చేత్తో పట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. నా వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఒక చాప, ఆ పక్క చాప, మగవాళ్లు, గుమ్మం బయట గొడుగు ఎగిరిపోయేలా యాజులు గారు. మాస్టారు ఏడుస్తూనే నవ్వారు. నవ్వనివాళ్లు ఇద్దరే, అత్తగారూ దేవుళ్లు గారూ.

నవ్వులు తగ్గాక అయ్యగారు భార్యని అడిగారు.

"మోషేకి కొడుకులెంతమంది?"

"ఇద్దరు" అన్నారు అత్తగారు. బైబిలు ఆవిడకి కొట్టిన పిండి.

"సేతులెవరి మీదుంచాడు?"

అత్తగారు కొంగు సర్దుకున్నారు.

"కొడుకుల మీద కాదు, యెహోషువ మీద. గుడారాన్ని ఒగ్గకుండా అంటిపెట్టుకున్నోడి మీద." అయ్యగారు సంఘం వైపు తిరిగారు. "కావాలని ఇన్నాళ్లు ఏడిసినోడు, సేతికొచ్చాక నాది కాదని ఇచ్చీసాడు. మీకింకేటి సిగురు కావాల?"

ఎలియాజరు అన్నవాళ్లూ తిమోతి అన్నవాళ్లూ కలిసి జాన్ బాబు అన్నారు. అయ్యగారు ఆ గుడ్డపీలికని మాస్టారి చేతికే తిరిగి కట్టారు. వేళ్లు వణికి ముడి పడకపోతే మా ఆయన బిగించారు.

దొరగారూ పాస్టర్లూ మధ్యాహ్నానికి దేవుళ్లు గారి బండిలో తడిసి ముద్దై దిగారు. అభిషేకం జరిగింది. మాస్టారు మోకరిస్తే అయ్యగారు ముందు చేతులుంచారు. ఆ చేతుల వణుక్కి మాస్టారి తల వణికింది. పైన దొరగారు చేతులు వేశారు, అవీ వణికాయి. పాస్టర్లిద్దరూ వేశారు, వాళ్లూ ఊగారు. దొరగారు ఒక కన్ను తెరిచి భూకంపమేమోనని నేల వైపు చూశారు. నేను పైట చెంగు మొత్తం నోట్లో కుక్కేసుకున్నాను.

ఆ తర్వాత జాన్ బాబు అయ్యగారు మొదటిసారి రొట్టె విరిచారు. తల ఎత్తి విరిచారు. మొదటి ముక్క ఎవరికీ ఇవ్వకుండా కాసేపు చేతిలోనే పట్టుకున్నారు. అది సోమలమ్మదని నాకు తెలుసు.

సాయంత్రం వంటింట్లో అత్తగారు గోడ వైపు తిరిగి ఏడుస్తున్నారు. పక్కన కూర్చున్నాను.

"కొడుకు అయ్యగారు కాలేదనా అత్తా?"

"ఆ పెత్తనం ఎవడిక్కావాలే!" అని ముక్కు చీదారు. "ఈ ఊళ్లో పుట్టిన ప్రతి గుంట తల మీదా ఆయన సేతులెట్టాడు. జొరమొచ్చినోడి మీద, పెళ్లోళ్ల మీద, సచ్చిపోయేవోళ్ల మీద. నా కొడుకు పుట్టినప్పుడు ఏ కొండూర్లోనో ఉన్నాడు. వొచ్చి సూసి, మళ్లీ ఎల్లిపోయాడు. ఈడి తల మీద ఒక్కనాడు సెయ్యెయ్యలేదే లీలా. అభిషేకమంటే ఎయ్యక తప్పదు కదా అనుకున్నాను."

నాకు నవ్వు రాలేదు. నా నోట్లో ఏదీ ఆగదు కాబట్టి, తిన్నగా అరుగు మీదికి వెళ్లి ఉన్నదున్నట్టు అయ్యగారికి చెప్పేశాను. ఆయన తన చేతుల వంక చూసుకుంటూ కూర్చున్నారు.

సోమవారం పొద్దున వాన వెలిసింది. యాజులు గారు బస్సుకి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టారు. మా ఆయన ఖాకీ చొక్కా తొడుక్కుని, టోపీ పెట్టుకుని సీట్లో కూర్చున్నారు. ఊరంతా అక్కడే ఉంది. దేవుళ్లు గారు కూడా తన బండి పక్కనే ఆపుకుని, ఈ భూతం కదలదని పందేలు కాస్తున్నారు. నేనూ అత్తగారూ ఎక్కబోతుండగా జనం దారి ఇచ్చారు. అయ్యగారు వస్తున్నారు.

ఆయన బస్సు మెట్టు మీద కాలు పెట్టి, చువ్వ పట్టుకుని ఎక్కారు. కొడుకు టోపీ తీసి పక్కన పెట్టారు. రెండు చేతులూ ఆ తల మీద ఉంచారు. చేతులు వణుకుతున్నాయి, నూనె రాసిన ఆ జుట్టంతా చెదిరిపోతోంది. మా ఆయన కదలకుండా తల వంచుకున్నారు.

"నాన్నా" అన్నారు.

ఆ మాట ఆయన నోట అంతకుముందు ఎవరూ వినలేదు. అయ్యగారు కొడుకు తలని పొట్టకి హత్తుకున్నారు. మా ఆయన రెండు చేతులూ తండ్రి నడుం చుట్టూ వేయబోయారు, మోచెయ్యి హారను రబ్బరు బుడ్డి మీద పడింది.

అది చేసిన రొదకి జనం చెల్లాచెదురయ్యారు. కొబ్బరిచిప్పలు ఎగిరాయి. దేవుళ్లు గారి ఎడ్లు తోకలెత్తి, ఖాళీ బండితో కోటవురట్ల వైపు పరుగు తీశాయి, ఆయన వాటి వెనక. బుడ్డి మీంచి మోచెయ్యి తియ్యాలని తండ్రికీ తోచలేదు, కొడుక్కీ తోచలేదు.

పక్కన ఏదో చప్పుడైతే తిరిగి చూశాను. అత్తగారి భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఏడుస్తున్నారనుకున్నాను. కాదు, నవ్వుతున్నారు. అయ్యగారి చేతులింకా కొడుకు తల మీదే ఉన్నాయి, ప్రార్థన ఇంకా అవ్వలేదు, ఆవిడ కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వుతున్నారు.

నోట్లో కుక్కుకోమని నా పైట చెంగు ఆవిడకిచ్చాను.